మార్తా గిన్నె అప్పజెప్పడానికి బొగొటా వెళ్ళాం

అవును జోయెల్, బంక్ బెడ్ మీదే పడుకున్నాను. పైదాని మీద కాదులే, కిందదాని మీద. పైన మీ రూత్ ఆంటీ పడుకుంది. ఆవిడ పక్కకి తిరిగినప్పుడల్లా ఇంటి కప్పే కదిలినట్టుండేది. పొద్దున లేచేసరికి ఎదురు మంచం మీది జర్మనీ అమ్మాయి మా ముగ్గురికీ కాఫీ పెట్టి ఉంచింది, చూశావా! హాస్టల్ అంటే భయపడక్కర్లేదని అప్పుడే తెలిసింది నాకు.

షైనీ, నువ్వు అడిగినదానికి ఫోన్లో చెప్పలేకపోయాను. ‘అమ్మమ్మా, ఒక పాట్ ఇవ్వడానికి అంత దూరం ఎందుకు?’ అన్నావు. కూర్చుని రాస్తే గానీ అది తెమలదు. మీ అమ్మ చదివి వినిపిస్తుంది. మధ్యలో ఆవిడ నవ్వితే నా మీద కోపం పోయిందనుకోండి.

మోరిస్‌విల్‌లో

మా అపార్ట్‌మెంట్లో పైన మార్తా ఉండేది, గుర్తుందా? కిందటిసారి మీరొచ్చినప్పుడు మీకు బెలూన్లు ఇచ్చింది. కొలంబియా అమ్మాయి. ఏదో ల్యాబ్‌లో ఉద్యోగం. నాకు మోకాలి ఆపరేషన్ అయ్యాక, మీ అమ్మ మీ ఊరు అరోరాకి తిరిగి వెళ్ళిపోయిన దగ్గర్నుంచి, రోజూ సాయంత్రం తలుపు కొట్టేది. చేతిలో నల్లటి మట్టి గిన్నె. రెండు చెవులు, పైన మూత. అందులో బంగాళదుంపలు, చికెన్ వేసిన చిక్కటి సూప్. గిన్నె అక్కడే పెట్టి, పొద్దున తీసుకెళ్ళి, సాయంత్రం మళ్ళీ తెచ్చేది. నేను లేచి నడిచేదాకా మానలేదు.

ఆ తర్వాత నేను మీ ఇంటికి అరోరా వచ్చాను కదా. వచ్చేటప్పుడు గిన్నె నా వంటింట్లోనే ఉండిపోయింది. తిరిగి వెళ్ళేసరికి మార్తా తలుపు ముందు వేరే వాళ్ళ చెప్పుల స్టాండు ఉంది. ఉద్యోగం పోయిందట, వీసా టైమ్ అయిపోయిందట. ఆ మాట మన ఇళ్ళలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. నా ఫోన్లో మాత్రం నేను చూసుకోని ఒక మెసేజ్ ఉంది: ‘ఆంటీ, బొగొటాలో ఇది మా అమ్మ ఇల్లు. ఎప్పుడైనా రండి.’ కింద అడ్రసు. తిరిగి ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదు.

ఎప్పుడైనా రండి అని అందరూ అంటారు, ఎవరూ వెళ్ళరు. కానీ గిన్నె నా దగ్గరుంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళకూడదు. కూర వచ్చిన గిన్నెలో మనం ఏదో ఒకటి వేసి పంపాలి. ఏమీ లేని రోజున మా అమ్మ గుప్పెడు పంచదారైనా వేసి పంపేది. నేను మార్తా సూపు అన్నాళ్ళు తాగి, ఒక్కసారి కూడా ఆ గిన్నె నింపి ఇవ్వలేదు. అప్పుడు లేవలేను కదా, లేచాక చేద్దాంలే అనుకున్నాను. లేచాక మీ ఇంటికి వచ్చేశాను, తిరిగి వెళ్ళేసరికి ఆమె లేదు.

పార్సిల్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. మట్టి గిన్నెకి గ్యారంటీ ఇవ్వం అన్నారు. వండినది పంపడం కుదరదన్నారు. అంటే పంపితే ఖాళీగానే పంపాలి, అది కూడా ముక్కలుగా చేరవచ్చు. మీ అమ్మకి చెప్పాను.

‘‘అమ్మా, ఆర్ యు సీరియస్? ఆన్‌లైన్‌లో అలాంటిదే ఆర్డర్ చేసి వాళ్ళింటికి డెలివర్ చేయిద్దాం.’’

‘‘అలాంటిది కాదే, అదే.’’

‘‘నీ మోకాలు సంగతి?’’

‘‘ఆ మోకాలు నడుస్తోందంటే ఆ సూప్ వల్లే కదా.’’

ఫోన్ పెట్టేసింది. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు, మీకు తెలుసు. కానీ ఆ రోజు సాయంత్రం వాకింగ్‌లో జయకి చెప్పాను, ఆదివారం చర్చిలో రూతుకి చెప్పాను. జయ వరంగల్‌లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది, మా బ్లాకులోనే కొడుకు దగ్గర ఉంటుంది. రూతు గుడివాడ మనిషి. మా తెలుగు చర్చి వంటలన్నీ ఆవిడ చేతి మీదే. ఇద్దరూ ‘ఎందుకు’ అని అడగలేదు. ‘ఎప్పుడు’ అని అడిగారు.

చక్రాల సూట్‌కేసులో పెడితే గిన్నె పగులుతుందని ముగ్గురం వీపు సంచులే కొనుక్కున్నాం. నేను మాత్రం నా సంచి ముందుకు వేసుకున్నాను, గిన్నె కడుపు మీద ఉండేలాగ. పాత నూలు చీరలో చుట్టాను. ఎయిర్‌పోర్టులో జయ నన్ను చూసి, ‘‘సంటిపిల్లను ఎత్తుకున్నట్టే ఉన్నవ్ సుగుణక్కా. పేరు గూడ పెట్టు ఇగ’’ అంది.

హాస్టల్లో మొదటి పొద్దు

బొగొటా ఊరు కొండల మీద, మబ్బుల్లో ఉంటుంది. దిగగానే చలి. మెట్లెక్కితే ఆయాసం. నాకే కాదు, జర్మనీ అమ్మాయికి కూడా. మా హాస్టల్ పాత ఊళ్ళో, లా కాందెలారియా అనే పేటలో ఉంది. ఇళ్ళకి పసుపు, నీలం, గులాబీ రంగులు. వీధులన్నీ రాళ్ళు పరిచినవి, వాలుగా ఉంటాయి. చక్రాల పెట్టెలు లాక్కుంటూ వచ్చినవాళ్ళ తిప్పలు చూసి మా వీపు సంచులకి మేమే దండం పెట్టుకున్నాం.

హాస్టల్ నడిపే ఆవిడ పేరు నూబియా. యాభై దాటి ఉంటుంది, ఇంగ్లీష్ కొద్దిగా వచ్చు. మాట మాటకీ ‘సుమెర్సే’ అంటుంది. మన ‘తమరు’ లాంటిది. కాఫీ పోస్తూ సుమెర్సే, చెప్పులు బయట విడవమని కసురుతూ కూడా సుమెర్సే. గౌరవంగా తిట్టే ఊరని రూతుకి భలే నచ్చింది.

కాఫీ తాగాక గిన్నె విప్పాను. చీర మడతలు విప్పుతుంటేనే వాసన. మూత తీశాను. లోపల నాలుగు బుల్లి సీసాలు, వాటి చుట్టూ ఎర్రటి నూనె.

‘‘రూతూ, ఇవేంటి?’’

‘‘గోంగూర పచ్చడి అక్కా. గిన్నె ఖాళీగా మోసుకెళ్ళడం ఎందుకు, చోటు కలిసొస్తుందని బయలుదేరేముందు చీర విప్పి పెట్టాను. మూతలు బిగించే పెట్టానండీ, దేవుని తోడు!’’

‘‘ఇమానం పైకి పోతే మూతలు ఉబ్బి కారుతయ్ గదా రూతక్కా,’’ అంది జయ. ‘‘అయినా ఒగరి గిన్నెల మన తొక్కు వెడ్తరా ఎవరన్న?’’

‘‘ఆ సంగతి నిన్న చెప్పాల్సింది టీచరమ్మా.’’

‘‘నాకు జెప్పి పెట్టినవా నువ్వు?’’

గిన్నె తీసుకెళ్ళి సింకులో కడిగాను. సబ్బు పెట్టలేదు, మట్టి సబ్బు పీల్చేస్తుంది. వేడినీళ్ళతో, ఉప్పుతో రుద్దాను. బయట బాగానే ఉంది. లోపల ముక్కు పెడితే మా ఊరి పొలం గట్టు మీది గోంగూర వాసనే. సూపు గిన్నె అది. మట్టి గిన్నె నూనె తాగిందంటే వదలదు. ఇంకొకరి గిన్నె నింపి ఇద్దామని వచ్చి, ఇంకొకరి గిన్నె పాడుచేశామే అనిపించింది.

అప్పుడు పాలు గుర్తొచ్చాయి. గిన్నెలో పులుపు ఉంటే పాలు విరుగుతాయి, లేకపోతే విరగవు. ముక్కు మోసం చేస్తుంది గానీ పాలు మోసం చేయవు. నూబియాని అడిగి ఒక లోటాడు పాలు పోసి సన్న సెగ మీద పెట్టాను. ముగ్గురం స్టవ్ చుట్టూ నిలబడ్డాం. పొంగు రాకముందే ఫట్‌మని విరిగాయి.

‘‘పాలు విరగకుండా కాగిన రోజే ఈ గిన్నె ఇచ్చేది,’’ అన్నాను.

‘‘లేకుంటె?’’ అంది జయ.

‘‘ఇంకోసారి కాస్తాను.’’

విరిగిన పాలని రూతు వదిలిపెట్టలేదు. పంచదార వేసి దగ్గరగా చేసి ఉండలు చుట్టింది. హాస్టల్లో వాళ్ళందరూ తిన్నారు. ఆ జర్మనీ అమ్మాయి మళ్ళీ ఎప్పుడు విరుగుతాయి అని అడిగింది.

పలోకెమావో బజారు

పాత ఊరికి కాస్త దూరంలో పెద్ద బజారు ఉంది. పొద్దున్నే వెళ్ళాలన్నారు. ఒక వరస అంతా పువ్వులే. గులాబీలు కట్టలు కట్టలుగా, ఒక్కొక్క కట్ట నేను రెండు చేతులతో పట్టుకునేంత, పది వేల పెసోలు. పది వేలనగానే గుండె గుభేలుమంటుంది గానీ మన రెండున్నర డాలర్లు. జయ లెక్కలు వేయడం చూసి పువ్వుల ఆవిడ ఒక గులాబీ తీసి ఆమె జడలో పెట్టింది. ‘‘మా ఆయన గూడ పెట్టలే ఎన్నడు,’’ అని జయ దాన్ని ఊరు వదిలే దాకా దాచుకుంది.

పళ్ళు చూస్తే మతి పోతుంది. ఒక పండు పైకి నారింజ రంగు, లోపల బూడిద రంగు గుజ్జు, వేలితో చిదిపి నోట్లో వంపుకోవడమే. రామాఫలానికి పెద్దక్కలాంటి పండు ఇంకొకటి. అన్నీ రుచి చూడమని కోసి చేతిలో పెడతారు, కొనకపోయినా మొహం మాడ్చుకోరు. ఒక దుకాణంలో మాత్రం నా కాళ్ళు ఆగిపోయాయి. గుండ్రటి అచ్చులు, గోధుమ రంగు. పనేలా అంటారట. గోటితో గీరి నోట్లో వేసుకున్నాను. బెల్లం! అచ్చంగా మన బెల్లం, కాస్త పొగ వాసనతో. ఇంత దూరంలో బెల్లం దొరికాక ఇంక ఆలోచించేదేముంది, గిన్నెలో పరమాన్నమే.

ఒక అచ్చు కొని వెనక్కి తిరిగేసరికి రూతు ఇంకో దుకాణం ముందు బేరం ఆడుతోంది. తెలుగులోనే. ఆ దుకాణం నిండా నల్ల మట్టి గిన్నెలు, ఒకదాని మీద ఒకటి, మార్తా గిన్నె లాంటివే. రెండు చెవులు, మూత, అదే మెరుపు.

‘‘నలభై వేలు చెబుతున్నాడక్కా. ముప్పైకి అడుగుతున్నాను. తప్పు నాది, డబ్బులు నావి. కొత్తది తీసుకెళ్ళి ఇచ్చేద్దాం.’’

‘‘మంచిదే గదా అక్కా,’’ అంది జయ. ‘‘రేపు పరమాన్నం వండి ఇస్తే అయిపాయె. మిగిలిన రోజులు ఊరు తిరుగుదం.’’

మీ అమ్మ చెప్పిందీ అదే కదా. నేను ఒక గిన్నె చేతిలోకి తీసుకున్నాను. బరువు కూడా అంతే. చాలా బాగుంది, నిజం చెప్పాలంటే మార్తా దాని కంటే బాగుంది. మార్తా గిన్నెకి ఒక చెవి అంచు కొంచెం విరిగి ఉంటుంది. అడుగున ఒక పక్క మాడిన మచ్చ. వాళ్ళమ్మ ఇచ్చిందని, వాళ్ళింట్లో ఎప్పటినుంచో ఉందని మార్తా ఒకసారి అంది. ఏ తల్లి ఆ గిన్నెని గుర్తుపట్టదు?

‘‘వద్దు రూతూ,’’ అన్నాను. ‘‘నేను తీసుకున్నది ఇది కాదు.’’

రూతు బేరం మధ్యలో ఆపడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆ దుకాణం ఆయన మాత్రం ముప్పైకి ఒప్పేసుకుని మా వెంట గుమ్మం దాకా వచ్చాడు.

కొండ మీద ఎండ

బియ్యం కడిగిన నీళ్ళు పోసి ఒకసారి, నిమ్మ తొక్కలు వేసి ఒకసారి కాచాను. నిమ్మ వేయడం నా బుద్ధి తక్కువ, పులుపు ఇంకా పెరిగింది. పాలు మళ్ళీ విరిగాయి. జర్మనీ అమ్మాయి సంతోషించింది. బూడిద పెట్టి తోమాక, వట్టి నీళ్ళు మరగబెట్టి పారబోసి, మళ్ళీ మరగబెట్టాను. ఇక గిన్నె బాగా ఎండాలి. ఆ ఊళ్ళో ఎండ ఎక్కడిది? పొద్దున కాసేపు కనబడుతుంది, మధ్యాహ్నానికి వాన.

‘‘ఎండ కావాలంటే మబ్బు కంటే పైకి పొండి,’’ అని నవ్వింది నూబియా. ఊరి పక్కనే మోన్సెరాతే అనే కొండ ఉంది, పైన తెల్లటి చర్చి. యాత్రకి వచ్చినవాళ్ళు మెట్ల దారిలో ఎక్కుతారు. కొందరు మోకాళ్ళ మీద ఎక్కుతారట. నా మోకాలి సంగతి నాకు తెలుసు కాబట్టి తీగ మీద వెళ్ళే పెట్టెలో ఎక్కాం. రూతు కళ్ళు మూసుకుని పైకి చేరేదాకా స్తుతి పాటలు పాడుతూనే ఉంది. పెట్టెలో ఉన్న ఒక కుటుంబం పాట అయిపోగానే చప్పట్లు కొట్టింది.

పైన నిజంగానే ఎండ. కింద ఊరంతా ఇటుక రంగులో, కళ్ళకి అందనంత. అన్ని ఇళ్ళలో మార్తా అమ్మ ఇల్లు ఏది అని వెతుక్కున్నాను, పిచ్చిదాన్ని. చర్చి మెట్ల పక్కన గోడ వారగా కూర్చుని గిన్నె మూత తీసి ఎండలో పెట్టాం. పక్కన మా మూడు సంచులు. నేను శాలువా తల మీదికి లాక్కున్నాను, గాలి ఎక్కువగా ఉందని. రూతు ఎటూ పాడుతోంది.

టంగ్‌మని చప్పుడైంది. చూస్తే గిన్నెలో నాణెం. వేసినాయన అప్పటికే రెండు మెట్లు ఎక్కేశాడు, టోపీ తీసి మాకు వంగి నమస్కారం పెట్టాడు. మేం తేరుకునేలోపు ఇంకొకావిడ, ఇంకొక నాణెం.

‘‘ఇగ ఖాళీగ లేదు గదా గిన్నె,’’ అంది జయ. ‘‘ఇచ్చేద్దాం పా!’’

నవ్వి నవ్వి రూతుకి దగ్గొచ్చింది. ఆ నాణేలు తీసుకెళ్ళి చర్చి గుమ్మంలో ఉన్న డబ్బాలో వేశాం. తర్వాత అక్కడే ఒక కొట్లో వేడి చాక్లెట్ తాగాం, పన్నెండు వేల పెసోలు. దానితో పాటు ఒక జున్ను ముక్క ఇస్తారు. దాన్ని చాక్లెట్‌లో వేసి, కరిగాక చెంచాతో సాగదీసి తినాలి. చాయ్‌లో ఉల్లిగడ్డ వేసినట్టుందని జయ ముందు మొహం తిప్పుకుంది. కాసేపటికి నా ముక్క కూడా తీసుకుంది.

కిందికి దిగి హాస్టల్‌కి వచ్చాక మళ్ళీ పాలు పెట్టాను. నూబియా కూడా వచ్చి నిలబడింది, అప్పటికి ఆవిడకీ అది పంతమైపోయింది. పొంగు వచ్చింది. దించాను. కాసేపు చూశాం. తెల్లగా, మీగడ కట్టి, చక్కగా ఉన్నాయి.

‘‘విరగలే!’’ అని జయ కేకేస్తే పై అంతస్తులో వాళ్ళు కూడా దిగివచ్చారు.

తప్పు వీధి

మర్నాడు పొద్దున ఆ గిన్నెలోనే పరమాన్నం వండాను. బియ్యం, పాలు మెత్తగా ఉడికాక, దించి, కాస్త చల్లారాకే బెల్లం కలిపాను. జయ సంచిలో ఏలకులు ఉన్నాయి. మూత పెట్టి, చీరలో చుట్టి, శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని టాక్సీ ఎక్కాను.

అడ్రసు చూపిస్తే డ్రైవర్ తల ఊపాడు. చాలా దూరం తీసుకెళ్ళి దింపాడు. అన్నీ పెద్ద పెద్ద అద్దాల భవనాలు, కుక్కలకి కూడా స్వెటర్లు. మా నంబరు దగ్గర ఒక బ్యాంకు ఉంది. ఇళ్ళే లేవు. గేటు దగ్గర కాపలా ఆయన నా ఫోన్ తీసుకుని చూసి, చివరి మాట మీద వేలు పెట్టాడు. ఆ ఊళ్ళో వీధులకి నంబర్లే పేర్లు. అవే నంబర్లు ఉత్తరాన ఒకసారి, దక్షిణాన ఒకసారి ఉంటాయి. మాకు కావలసింది దక్షిణం. మేం నంబరు ఒక్కటే చూపించాం, ఆ చివరి మాట నా వేలి కిందే ఉండిపోయింది. ఊరికి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళాలి.

టాక్సీ వెళ్ళిపోయింది. వాన మొదలైంది.

‘‘రేపు పోదం అక్కా,’’ అంది జయ. ‘‘తడిసి ముద్దయితం.’’

‘‘రేపటికి పరమాన్నం ఉండదు జయా.’’

‘‘రేపు మళ్ళీ వండుకోవచ్చు కదక్కా,’’ అంది రూతు.

‘‘తర్వాత చేద్దాంలే అనుకునే కదా ఇక్కడిదాకా రావలసి వచ్చింది,’’ అన్నాను. గట్టిగా అనలేదు. కానీ ఇద్దరూ సంచులు బిగించుకున్నారు.

ఎర్ర బస్సు ఎక్కాం. రెండు మూడు బస్సులు అతికించినట్టు పొడుగ్గా ఉంటుంది. నిలబడే చోటు కూడా లేదు. ఒక ముసలాయన లేచి నాకు సీటిచ్చాడు. ఆయన నాకంటే పెద్దవాడు, వద్దన్నా వినలేదు. పక్కన కూర్చున్నావిడ గాలి పీల్చి ‘పనేలా?’ అంది. అవునన్నాను. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఆవిడ చెయ్యి చాచి మూత పట్టుకునేది. భాష లేకుండానే ఇద్దరం కలిసి ఆ గిన్నెని కాపాడుకుంటూ వెళ్ళాం. దిగేటప్పుడు నా బుగ్గ మీద చెయ్యి వేసి ఏదో అంది. బహుశా జాగ్రత్త అనే అయి ఉంటుంది.

నీలం తలుపు

దక్షిణాన ఇళ్ళు చిన్నవి. మేడ మీద మేడ, సగం కట్టి ఆపినవి. వీధి చివర నీలం తలుపు. రూతు కొట్టింది. పొట్టిగా, ఏప్రన్ కట్టుకున్న ఒక పెద్దావిడ తలుపు కొద్దిగా తెరిచింది. వానలో తడిసిన ముగ్గురు పరాయి ముసలమ్మలు. ఎవరైనా తలుపు వేసేస్తారు. వేయబోయింది కూడా.

నేను శాలువా విప్పాను.

ఆవిడ మొదట గిన్నెనే చూసింది, నన్ను కాదు. విరిగిన చెవి అంచు మీద బొటనవేలు పెట్టి నిమిరింది. ‘‘మార్తా,’’ అంది. తర్వాత నన్ను చూసి, నా మోకాలు చూపించి, చేతులతో నడిచినట్టు చేసి చూపించింది. మార్తా నా గురించి అన్నీ చెప్పింది వాళ్ళమ్మకి.

ఆవిడ పేరు ఎల్వీరా. ఫోన్లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. మా పద్ధతి చెప్పాను, పక్కింటి గిన్నె ఖాళీగా పంపకూడదని. ఆవిడ చాలా శ్రద్ధగా విని, రెండుసార్లు వినిపించమంది. పరమాన్నం వేరే గిన్నెలోకి తీసి ఒక చెంచా నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది. ఇంకో చెంచా వేసుకుంది. మార్తా గిన్నె కడిగి, వాసన చూసి ముక్కు ఎగరేసింది. ఎంత కాచినా గోంగూర పూర్తిగా వదల్లేదన్నమాట. రూతు తలొంచుకుని సంచిలో మిగిలిన సీసా తీసి ఇచ్చింది. ఎల్వీరా దాన్ని జొన్నరొట్టె లాంటి మొక్కజొన్న రొట్టె మీద రాసుకుని తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, సీసా మూత పెట్టి అలమరలో దాచేసుకుంది.

తర్వాత వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చేసరికి చేతిలో అదే నల్ల గిన్నె, నిండా చికెన్ సూపు. తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఫోన్లో చెప్పింది: మీరు నాకు తిండి తెచ్చారు, మీ పద్ధతి ప్రకారం నేను గిన్నె ఖాళీగా పంపకూడదు, తీసుకెళ్ళండి.

‘‘అయిపాయె!’’ అంది జయ. ‘‘మల్ల మోరిస్‌విల్!’’

ఇంత దూరం తెచ్చి మళ్ళీ ఎత్తుకెళ్ళడానికి నేను రాలేదు. ‘‘చెంచాలు ఇవ్వమను రూతూ,’’ అన్నాను. ‘‘ఇక్కడే తిందాం. అడుగు కనబడేదాకా.’’

రూతు లేచి తల మీద కొంగేసుకుని తెలుగులో ప్రార్థన చేసింది. ఎల్వీరా శిలువ గుర్తు వేసుకుంది. జయ చేతులు కట్టుకుని కళ్ళు మూసుకుంది. తర్వాత నలుగురం ఒకే గిన్నెలోంచి తిన్నాం, మోరిస్‌విల్‌లో నేను ఒక్కదాన్నే తాగిన ఆ సూపుని. జయ చివరి బంగాళదుంప రూతుకి వదిలేసింది, మంచితనంతో కాదు, ఇంక పట్టదని. గిన్నె ఖాళీ అయ్యింది. నేనే లేచి కడిగి ఎల్వీరా స్టవ్ పక్కన బోర్లించాను. ఆవిడ ఫోన్ తీసి మాట్లాడబోయి, ఊరికే నవ్వేసింది.

అప్పుడు మార్తాకి వీడియో కాల్ కలిపింది.

మార్తా బొగొటాలో లేదు పిల్లలూ. ఇంకో దేశంలో, ఎవరో పెద్దాయనని చూసుకునే పనిలో ఉంది. ఉద్యోగం పోయాక బొగొటాలో కూడా పని దొరకలేదట. నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ‘‘ఆంటీ! మీరు మా అమ్మ వంటింట్లో ఉన్నారు!’’ అని అదే మాట మూడు నాలుగు సార్లు అంది. మోకాలు అడిగింది. మీ ఇద్దరి పేర్లు పెట్టి అడిగింది, బెలూన్ల సంగతి కూడా. చెప్పకుండా ఎందుకు వెళ్ళావే అంటే, ‘‘మీరు కూతురింట్లో సంతోషంగా ఉన్నారు, ఈ ఏడుపు ఎందుకని’’ అంది. ఎల్వీరా బోర్లించిన గిన్నెని కెమెరాకి చూపించింది. ఇద్దరూ వాళ్ళ భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు.

నేను ఆమె వెనక ఉన్న గదినే చూస్తున్నాను. చిన్న గది. మూలన స్టవ్. స్టవ్ మీద ఏమీ లేదు, పక్కన ఒక గరిటె కూడా లేదు. కొత్తగా కొన్నట్టు మెరుస్తోంది. మార్తా మొహం కూడా చిక్కిపోయింది.

అందుకే అడిగాను. ఆమె వినలేదనుకుని ఇంకోసారి అడిగాను. ఆమె నవ్వి, పరమాన్నం ఎలా చేస్తారో నాకు నేర్పించాలి ఆంటీ అంది. అంతలో వెనక నుంచి ఎవరో పిలిచారు, లేచి వెళ్ళిపోయింది, బొమ్మ ఆగిపోయింది. మేం ఇంటికి వచ్చాక ఇప్పుడు ఆమె రోజూ మెసేజ్‌లు పెడుతుంది. పువ్వులు పంపుతుంది, వాళ్ళ వీధి ఫోటోలు పంపుతుంది, మీరెలా ఉన్నారని అడుగుతుంది. అన్నిటికీ జవాబు రాసి, నేను చివర్న ప్రతిసారీ అదే అడుగుతున్నాను. దానికి మాత్రం ఇంతవరకూ జవాబు రాలేదు.

‘మార్తా, ఏమైనా తిన్నావా?’